మైకులో ఇచ్చిన నేల

ఆ వాక్యం రాసింది నేనే. రేపు ఎవరో బయటపెడితే తల దించుకోవడం కంటే నేనే చెప్పుకోవడం నయం. "ఈ నేల యానాదులది. మేమిక్కడ వాళ్ళ అతిథులం." అంతే, రెండు ముక్కలు. వాటిని నల్లరాతి పలక మీద చెక్కించి, మైపాడు వెళ్ళే దారిలో కొత్తగా కట్టిన మానవ హక్కుల మ్యూజియం గేటు లోపల, పచ్చిక మధ్యలో నిలబెట్టారు. పలక చుట్టూ తెల్ల గులకరాళ్ళు పోసి, చీకటి పడ్డాక కూడా కనబడాలని లైట్లు పెట్టారు.

మ్యూజియం డైరెక్టరు గారు మా ఇంటికి వచ్చిన రోజు బాగా గుర్తుంది. నెల్లూరులో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఈ ఊళ్ళో ఎవరికి తెలుగులో నాలుగు మాటలు కావాలన్నా, శుభలేఖ దగ్గర్నుంచి శిలాఫలకం దాకా, నా గుమ్మమే ఎక్కుతారు. ఆయన చేతిలో ఒక ఇంగ్లీషు కాగితం ఉంది. ఏదో దేశంలో ఇలాంటి మ్యూజియమే చూసొచ్చారట. అక్కడ ఏ సభ మొదలుపెట్టినా, ముందు ఆ నేల ఏ తెగవాళ్ళదో చెప్పి, వాళ్ళను తలుచుకుని, ఆ తర్వాతే మాట్లాడతారట. "మన దగ్గర కూడా అలా చెయ్యాలండీ, ఈ తీరం యానాదులది కదా" అంటుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, ఆయన దొంగ మనిషి కాదు. నాకు ఇప్పటికీ ఎక్కువ కోపం తెప్పించేది అదే. దొంగైతే రెండు తిట్లు తిట్టి వదిలేసేదాన్ని.

కాగితంలో వాక్యం బారెడు పొడవుంది. చదివితే ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారో అంతుపట్టదు. అలాంటి వాక్యాలంటే నాకు ఒళ్ళు మంట. పిల్లల వ్యాసాలు దిద్దినట్టే అదంతా కొట్టేసి, కింద ఉన్నమాట రాసిచ్చాను. ఆయన చదివి, "ఎంత సూటిగా ఉందండీ!" అని మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. పొగిడితే మురిసిపోని తెలుగు టీచరును నేనింతవరకు చూడలేదు.

"వాళ్ళలో ఎవరైనా పెద్దావిడ ఉంటే చెప్పండి. ప్రారంభోత్సవం రోజు దీపం ఆవిడ చేతే వెలిగిద్దాం" అన్నారు వెళ్తూ వెళ్తూ. ఉంది, నాకు బాగా తెలుసు, నేనే తీసుకొస్తాను అన్నాను.

ఆమె మా నాన్న పొలానికి కాపలా ఉన్న యానాది భార్య. మాది మైపాడు రోడ్డుకు ఇవతల, వరి పండే ఊరు. నా చిన్నప్పుడు ఆ మొగుడూ పెళ్ళాం మా కళ్ళం పక్కనే గుడిసె వేసుకుని ఉండేవాళ్ళు. మా ఇంట్లో పిల్లా పెద్దా అందరూ ఆమెను "ఒసే" అనే పిలిచేవాళ్ళం. నాకు ఆరేళ్ళు, ఆమె పెళ్ళైన మనిషి, అయినా "ఒసే". కాలేజీలో చేరి సమానత్వం గురించి నాలుగు ముక్కలు చదివాక "అక్కా" అన్నాను. మొదటిసారి అలా పిలిచినప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. నన్ను మాత్రం ఆమె అప్పుడూ ఇప్పుడూ "పాపా" అనే అంటుంది. నాకు అరవై దాటాయి.

మా నాన్న వాళ్ళను కళ్ళం దగ్గర పెట్టుకున్నది ఒక్క నోటిమాటతో. "ఈడ ఉండరా" అన్నాడు, మధ్యాహ్నానికి గుడిసె లేచింది. ఇరవై ఏళ్ళ తర్వాత కోత మిషన్లు వచ్చాయి, కళ్ళంతో పని తీరిపోయింది. "ఇంక అవసరం లేదులేరా" అన్నాడు, సాయంత్రానికి గుడిసె విప్పుకుని వెళ్ళిపోయారు. వాళ్ళకు ఎవరూ ఎప్పుడూ ఒక కాగితం రాసివ్వలేదు. నలుగురి ముందు పెద్దమనిషి అన్న మాటే వాళ్ళకు పట్టా. ఉండమంటే ఉండటం, లెమ్మంటే లేవటం, తాతల నాటి నుంచి వాళ్ళకు తెలిసిన పద్ధతి అదొక్కటే. కోతలయ్యాక ఎలుక బొక్కలు తవ్వి, అందులో ఎలుకలు దాచుకున్న వడ్లు తీసుకోవడం వాళ్ళ హక్కని మా నాన్న గొప్పగా చెప్పేవాడు, అదేదో తను ధారపోసినట్టు. ఎలుకలు తిని మిగిల్చింది ఇచ్చి దానమనుకున్న ఇల్లు మాది.

ప్రారంభోత్సవానికి పిలవడానికి వెళ్ళినప్పుడు ఆమె ఒక రొయ్యల గుంట గట్టు మీద ఉంటోంది. మొగుడు పోయి చాలా కాలమైంది. ఆమెది, ఇద్దరు కొడుకులది, కూతురిది, మొత్తం నాలుగు గుడిసెలు. కొడుకులు గుంటకు కాపలా. ఆడవాళ్ళు పక్కనున్న కాలవలో దిగి, బురదలో చెయ్యి పెట్టి ఎండ్రకాయలు పట్టి అమ్ముకుంటారు. నేను వెళ్ళేసరికి ఆమె తాటాకులు తడిపి ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

"గుంటాయన పెద్దది చేస్తాడంట పాపా. ఈ గట్టు తవ్వేస్తాడంట. నెలాఖరుకి లెయ్యమన్నాడు" అంది.

"యాడికి పోతావక్కా?"

"అదే చూస్తుండా. కాలవ గట్టున వేస్తే అవతల గుంటోళ్ళు తరుముతారు. రోడ్డు పక్కనేస్తే రోడ్డోళ్ళు వచ్చి పీకేస్తారు. వానలు నెత్తి మీదికి వచ్చేసినాయి. నాలుగు గుడిసెలకి చోటు యాడ దొరకతాది?"

అయ్యో అన్నాను. అయ్యో అని, సభకు కట్టుకోమని తీసుకెళ్ళిన చీర ఆమె చేతిలో పెట్టాను. ఆమె చీర తిప్పి చూసి బాగుందంది. దీపం వెలిగించాలంటే, ఏ దేవుడి ముందర అని అడిగింది. దేవుడు లేడని, మ్యూజియమని, మనుషుల హక్కుల గురించని ఏదో చెప్పాను. "సరే, నువ్వు పిలిస్తే రాకుండా పోతానా" అంది.

ప్రారంభోత్సవం వైభోగంగా జరిగింది. కొడుకులు, కోడళ్ళు, కూతురు, మనవలు అందరూ వచ్చారు. ముసలామె చేత దీపం వెలిగించారు, శాలువా కప్పారు, ఫోటోలు తీశారు. ముఖ్య అతిథి పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనాయన. ఆయన మైకు దగ్గరికి వచ్చి నా వాక్యం చదివాడు. చదివి ఊరుకోలేదు. ఆవేశం వచ్చినట్టుంది, ఆమె వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, "మళ్ళీ చెబుతున్నానమ్మా, అందరి సాక్షిగా చెబుతున్నాను, ఈ నేల మీది" అన్నాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

ముసలామె నా చెయ్యి పట్టుకుని గుంజింది.

"పాపా, ఆయన ఎవురు?"

"పెద్ద ఆఫీసరుగా చేసినాడక్కా."

"కలెక్టరంతటోడా?"

"అంతే అనుకో."

"అందరి ముందరా అన్నాడే! నిజంగా మాదే అన్నాడా?"

"అన్నాడక్కా. నువ్వు విన్నావు గదా."

ఆమె కిటికీలోంచి పచ్చిక వైపు చూస్తూ కూర్చుంది. పాపం, ఎంత కదిలిపోయిందో అనుకున్నాను. నా కళ్ళు కూడా తడిశాయి, నా వాక్యం అంత పని చేసినందుకు. ఆమె కదిలిపోనూ లేదు, పాడూ లేదు. ఎన్ని వాసాలు పడతాయో, ఎటు వైపు గుమ్మం పెడితే గాలి కొడుతుందో లెక్క వేసుకుంటోంది. ఆ సంగతి మూడో రోజున గానీ నాకు తెలియలేదు.

భోజనాలు హాల్లో పెట్టారు, బల్లల మీద వరసగా గిన్నెలు సర్ది. ముసలామె వాళ్ళకు మాత్రం పొట్లాలు కట్టి గేటు బయట గోడ నీడన ఇచ్చారు. లోపల కుర్చీలు చాలవని సెక్యూరిటీ అతను చెప్పాడట. అతిథులు లోపల తింటున్నారు, ఇంటివాళ్ళు బయట తింటున్నారు. కిటికీలోంచి నేను చూశాను. తర్వాత డైరెక్టరు గారికి చెప్పాలి అనుకుంటూ పెరుగన్నం కలుపుకున్నాను. చెప్పలేదు.

మూడో రోజు పొద్దున్నే ఫోను వచ్చింది. "మేడమ్, మీరు వెంటనే రండి. మీవాళ్ళు వచ్చి ఇక్కడ..." అని డైరెక్టరు గారు మాట మింగేశారు. సభలో మూలవాసులు, భూమిపుత్రులు. రెండు రోజులు తిరగకుండానే మీవాళ్ళు. ఆటో ఎక్కి వెళ్ళాను.

పలక పక్కన గుడిసె లేచింది. సరుగుడు వాసాలు పాతి, తడిపిన తాటాకు సగం పైగా కప్పేశారు. పెద్ద కొడుకు పైన కూర్చుని తాళ్ళు బిగిస్తున్నాడు. గులకరాళ్ళు ఒక పక్కకు తోసి, మూడు రాళ్ళు పెట్టి, కోడలు అన్నం వండుతోంది. రాతి పలక మీద ఉతికిన చీర ఆరేశారు. నా రెండు వాక్యాలూ దాని వెనక ఉన్నాయి. మిగిలిన మూడు గుడిసెల సామానంతా గోడ వారగా కట్టలు కట్టి పెట్టారు. గట్టు మీద ఇంకేమీ మిగల్లేదు. మాకు నేల ఇచ్చినారు అని గుంట యజమానికి చెప్పి, నెలాఖరు దాకా ఆగకుండా, కాపలా పని కూడా వదిలేసి వచ్చేశారు. తెల్లారి గేటు దగ్గర సెక్యూరిటీ అతను శాలువా కప్పించుకున్న ముసలామెను గుర్తుపట్టి, ఇంకేదో కార్యక్రమం ఉందనుకుని తలుపు తీశాడట.

ముసలామె నన్ను చూసి ఎదురొచ్చింది. ఆ ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"పాపా, రా, రా. పెద్ద భవంతికి అడ్డం రాకుండా ఓ వారకేసినాం. మిగతా మూడూ ఆ గోడ పక్కన వేస్తాం. ఈళ్ళెవురో ఆ వరండాలోంచే లెయ్యమంటుండారు. నువ్వు చెప్పు, ఆ దినం ఆయన ఏం చెప్పినాడో."

డైరెక్టరు గారు, ఒక కానిస్టేబులు, ఆఫీసులో పనిచేసే ఇద్దరు కుర్చీలు వేసుకుని వరండాలో ఉన్నారు. డైరెక్టరు గారు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు.

"మేడమ్, మీరు రాసిన వాక్యమే కదా. దాని ఉద్దేశం అది కాదని మీరే చెప్పాలి."

"దాని ఉద్దేశం ఏమిటండీ?"

"గౌరవం. చరిత్రను గుర్తించడం."

"ఈ నేల వాళ్ళది అని రాతి మీద చెక్కించారు. మైకులో చదివించారు. చేతులెత్తి దణ్ణం పెట్టించారు. వాళ్ళు నమ్మారు. అందులో వాళ్ళ తప్పేముంది?"

"అది అలా తీసుకోకూడదు మేడమ్. స్థలం ట్రస్టు పేరు మీద ఉంది. నేనొక్కణ్ణే ఏం చెయ్యగలను? ట్రస్టీలందరితో మాట్లాడాలి."

"ఆ మూలంతా ఖాళీగానే ఉంది కదా. వానలు తగ్గేదాకా ఉండనివ్వండి."

ఆయన నిజంగానే బాధపడ్డారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుని, గుడిసె వైపు చూసి, ఉన్నట్టుండి ఉత్సాహంగా అన్నారు: "మేడమ్, ఒక ఆలోచన. గుడిసె చాలా అందంగా కట్టారు. దీన్ని ఇలాగే రెండో హాల్లోకి మార్చి, యానాదుల జీవన విధానం అని ప్రదర్శనకు పెడితే? వాళ్ళకు కూడా గుర్తింపుగా ఉంటుంది."

గుడిసె కావాలట, గుడిసెలో మనిషి అక్కర్లేదట. ఇంక నా నోరు ఆగలేదు. ముప్పై ఏళ్ళు క్లాసులో వాడిన గొంతు అది, వరండా చివరి దాకా వినిపిస్తుంది. "మీకు హక్కులు అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కావాలి, వాటి తాలూకు మనుషులు గేటు బయట పొట్లాలు తినాలి. సిగ్గుండాలి" అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయదగ్గవి కావు. కానిస్టేబులు నేల చూపులు చూశాడు. డైరెక్టరు గారు మీరు ఆవేశంలో ఉన్నారు మేడమ్ అన్నారు. ఉన్నాను, ఎందుకుండను?

ఎంత అరిచినా జరగాల్సింది జరగక తప్పలేదు. చివరికి ముసలామెకు చెప్పాల్సింది నేనే అయింది. వాళ్ళెవరూ ఆమె దగ్గరికి రాలేదు, వరండా దిగలేదు.

"అక్కా, ఈడ ఉండనియ్యరు."

"ఆయన మాదే అన్నాడు గదా?"

"అన్నాడు. ఉండమనలేదు."

"మాదైతే ఇంకా ఉండమనేదేంది పాపా?" అంది. కోపంతో కాదు, తెలియక అడిగినట్టే అడిగింది.

"మర్యాద కోసం అన్నారక్కా. మీరు ముందు నుంచీ ఈ తీరాన ఉన్నారని, మీకు మర్యాద చెయ్యాలని."

ఆమె నా ముఖంలోకి చూసింది. "అందరి ముందరా అబద్ధమాడినారా? అంత పెద్దోళ్ళు?" అంది.

ఆమె కొడుకు వైపు తిరిగి చెయ్యి ఊపింది. అతను పైనుంచే తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. కొట్లాట లేదు, శాపనార్థాలు లేవు. కట్టడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు విప్పడానికి. కోడలు ఉడుకుతున్న అన్నం గిన్నెను గుడ్డతో పట్టుకుని దించింది, పొయ్యి ఆర్పింది, తోసిన గులకరాళ్ళను మళ్ళీ తెచ్చి చేత్తో సర్దింది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాళ్ళు తీసి అద్దాల మీదికి విసరవే అని అరవాలనిపించింది. అరవలేదు. ముసలామె పలక మీది చీర తీసి మడత పెట్టుకుంది. నేనిచ్చిన చీరే అది.

వారం తర్వాత మ్యూజియం వాళ్ళు ఆ పలక తీయించి కొత్తది పెట్టారని తెలిసింది. ఇప్పుడున్నది ఇంగ్లీషులో మాత్రమే ఉందట. సభల్లో చదివేది కూడా ఇంగ్లీషులోనేనట. ఇంగ్లీషులో చెబితే వాసాలు పట్టుకుని ఎవరూ రారు కదా.

ఇక్కడిదాకా చెప్పడం నాకు సులువే. రెండు సభల్లో చెప్పాను. ముత్తుకూరులో ఒకసారి, నెల్లూరులో ఒకసారి. రెండు చోట్లా చప్పట్లు కొట్టారు, ఒకామె వచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. దీని తర్వాత జరిగింది మాత్రం ఎక్కడా చెప్పలేదు.

ఆ రోజు గేటు బయట రోడ్డు మీద సామాను దించుకుని కూర్చున్నారు. మబ్బు పట్టి ఉంది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ఊరికే మాట్లాడుతున్నట్టు అడిగింది.

"పాపా, మీ నాయన కళ్ళం ఉండాది గదా. ఇప్పుడు అందులో ఏమన్నా వేస్తుండారా?"

"లేదక్కా. చిల్లకంప పెరిగిపోయింది."

"కంప మేం కొట్టుకుంటాంలే. ఇరవై ఏళ్ళు ఉన్న చోటే. నువ్వు ఊఁ అంటే ఈ పొద్దే పోతాం."

నాన్న పోయాక ఆ కళ్ళం నాకూ మా అన్నయ్యకూ కలిపి వచ్చింది. ఏళ్ళ తరబడి అందులో ఎవరూ అడుగు పెట్టలేదు. ఆ దారిన ఈ మధ్య ప్లాట్లు వేస్తున్నారని, అమ్మితే మంచి ధర వస్తుందని అన్నయ్య అంటుంటాడు. ఊఁ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క అక్షరం. అరగంట కింద వరండా అదిరిపోయేలా అరిచిన నోరు నాది. ఆ నోటితోనే అన్నాను:

"మా అన్నయ్యతో మాట్లాడాలక్కా."

ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు. లోపల ఉండనియ్యరని చెప్పినప్పుడైనా కాస్త నివ్వెరపోయింది, నా మాటకు అదీ లేదు. "మాట్లాడు పాపా, నిదానంగా మాట్లాడు" అని లేచింది. కొడుకులు వాసాలు భుజానికెత్తుకున్నారు. అందరూ కాలవ వైపు నడిచి వెళ్ళారు. నేను ఆటో కోసం నిలబడ్డాను.

అన్నయ్య ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. షుగరు ఎంతుందో చెబుతాడు, మనవరాలి చదువు గురించి చెబుతాడు. వానలు వచ్చి పోయాయి. ఎన్ని ఆదివారాలు గడిచాయో, కళ్ళం మాట నేనెత్తలేదు. కాదంటాడని భయం కాదు, సరే అంటాడేమోనని భయం. అప్పుడు ఇవ్వాల్సింది నేనే కదా.

మొన్న మైపాడు నుంచి ఆటోలో వస్తుంటే కాలవ వంతెన పక్కన నీలం పట్టాలు కప్పుకుని వాళ్ళు కనబడ్డారు. ముసలామె రోడ్డు వార కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి లేచి చెయ్యి ఊపింది. ఆటో డ్రైవరు, "ఆపమంటారా అమ్మా, మిమ్మల్నే పిలుస్తుండాది" అన్నాడు. పోనివ్వమన్నాను.